లారీకి తీశారు, నాకు తీయలేదు

మా అక్క వసంత ఫోను చేసిందంటే నాకు లేనిదేదో తనకు ఉందని చెప్పడానికేనని నా గట్టి నమ్మకం. ఇద్దరం డెబ్బైకి దగ్గర పడ్డాం, అయినా ఆ నమ్మకం ఇసుమంత కూడా సడలలేదు. మొన్న పొద్దున్నే చేసింది. "సత్తీ, గుండు సర్కిల్ తీసేస్తున్నరంటనే. మీదికెళ్ళి పెద్ద బ్రిడ్జి ఏస్తరంట. ఒకసారి పోయి చూసొద్దమా?" అంది. తను ఉండేది పద్మారావు నగర్‌లో, నేను సీతాఫల్‌మండిలో. మోకాళ్ళ నొప్పులని గుడికి కూడా పోవడం మానేసిన మనిషి, దుమ్ములో నిలబడి ట్రాఫిక్ సర్కిల్ చూస్తాననడం నాకు వింతగానే తోచింది. సరేనని దారిలో ఆమెను ఎక్కించుకుని పోయాను. దిగేటప్పుడు ఆటో డ్రైవరు నా చెయ్యి పట్టుకుని, "పెద్దమ్మా, జెర నిమ్మలంగ దిగు. మీ చెల్లెను సుత నేనే దింపుత" అన్నాడు. చెల్లెలట! అక్క నాకంటే మూడేళ్ళు పెద్దది. కాదు బాబూ నేనే పెద్దదాన్ని అని ఆమె ఒక్క మాట అనొచ్చు కదా? అనలేదు. పైట సర్దుకుని చిన్నగా నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ సర్కిల్ సంగతి చెప్పకపోతే నా కడుపుమంట సంగతి ఎవరికీ అర్థం కాదు. అప్పట్లో మధ్యలో నడుమెత్తు గుండ్రటి రాతి అరుగు, దాని మీద వాడిపోయిన గడ్డి, ఒక దీపస్తంభం, రంగు వెలిసిన గొడుగు కింద చేతులు ఊపుతూ ట్రాఫిక్ కానిస్టేబులు. అక్కడినుంచి ఒక రోడ్డు నాగపూర్ దిక్కు పోతుంది, ఒకటి కరీంనగర్ దిక్కు, ఒకటి బొంబాయి దిక్కు, ఇంకొకటి స్టేషన్ పక్కగా వరంగల్ దిక్కు. సికింద్రాబాద్‌లో సరుకెత్తిన లారీ ఏదైనా ఆ అరుగు చుట్టూ తిరిగి తన దారి పట్టాల్సిందే. ఆ మలుపులోనే మా బాపు దుకాణం. లారీలకు కట్టే అలంకరణ సామాను అమ్మేవాడు. అద్దాలకు కట్టే నల్ల కుచ్చులు, రంగుల పూసల దండలు, స్టీరింగుకు చుట్టే ప్లాస్టిక్ తీగ, నాలుక చాపి గుడ్లురిమే రేకు దిష్టిబొమ్మలు. దుకాణం వెనక సందులో మా ఇల్లు. రోడ్డు మీద లారీ గేరు మారిస్తే మా వంటింట్లో గిన్నెలు గలగలమనేవి. డీజిలు వాసన, గ్రీజు వాసన, వాటి మధ్య అమ్మ పెట్టే పోపు వాసన, అన్నీ కలిసిన గాలి పీల్చి పెరిగినవాళ్ళం మేము.

దుకాణం బాపుదే గానీ పేరు మాత్రం మా నాయనమ్మది. కొత్త లారీ మొదటిసారి ఊరు దాటుతున్నా, ఎక్కడో బోల్తాపడిన లారీ బాగై మళ్ళీ రోడ్డెక్కుతున్నా డ్రైవర్లు వచ్చి, "ముసలవ్వ ఉన్నదా?" అని అడిగేవారు. మా నాయనమ్మ కాళ్ళు చేతులు కడుక్కుని, కొంగు నడుముకు చెక్కి, నోట్లో తమలపాకు నములుతూ బయటికొచ్చేది. బూడిద గుమ్మడికాయకు పసుపూ కుంకుమా పూసి, దాని మీద కర్పూరం వెలిగించి, లారీ మొహానికి ఎదురుగా నిలబడి తిప్పేది. "పోయేటోని కన్ను, వచ్చేటోని కన్ను, ఉన్నోని కన్ను, లేనోని కన్ను, అన్ని గీ కాయల పడి పగలాలె" అంటూ తన సొంత మంత్రమేదో చదివేది. సర్కిల్ అంచున కాయను ధడేల్మని పగలగొట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, బర్రె వీపు మీద చరిచినట్టు బానెట్ మీద ఒకటి చరిచేది. "ఇగ పో బిడ్డా. ఆపకు, ఎనకకు మళ్ళి చూడకు." ఎక్కడిదాకా ఆపకూడదో ఒక్కో రోడ్డుకు ఒక్కో లెక్క. నాగపూర్ రోడ్డయితే మేడ్చల్, కరీంనగర్ రోడ్డయితే శామీర్‌పేట చెరువు, వరంగల్ రోడ్డయితే ఘట్‌కేసర్. ఆ లోపల బండి ఆగితే తీసిన దిష్టి పరుగెత్తుకొచ్చి మళ్ళీ ఎక్కి కూర్చుంటుందట. పంజాబు నుంచి వచ్చిన డ్రైవర్లు ఆమె మాట ఒక్కటీ అర్థం కాకపోయినా తలపాగాలు వంచి దండం పెట్టేవారు.

ఇంట్లో ఆ మర్యాదంతా అక్కకు జరిగేది. మా అక్క తెల్లగా, నిండుగా, నడుము దాటిన జడతో ఉండేది. బడిలో మొదటి మార్కు తనదే. వీధిలో ఎవరు ఆపి పలకరించినా, "మీ పెద్దపిల్ల ఎంత ముద్దుగున్నదో" అనేవారు. అంతే, నాయనమ్మకు గుండె జారేది. ఆదివారం సాయంత్రం, అమావాస్య సాయంత్రం అక్కను గడప లోపల తూర్పుకు కూర్చోబెట్టి, పిడికెడు గల్లుప్పు, ఎండుమిరపకాయలు, నాలుగు చీపురుపుల్లలు తల చుట్టూ తిప్పి కుంపటిలో వేసేది. మిరపకాయలు కాలినా ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టు లెక్క. అక్కకు తీసినప్పుడల్లా ఘాటు రాలేదనే తేల్చేది. నిజం చెప్పాలంటే వచ్చేది. పక్కన నిలబడి నేను ఖళ్ళుఖళ్ళున దగ్గేదాన్ని. "నోర్ముయ్యే! దగ్గకు! ఘాటెక్కడున్నది?" అని నన్ను కసిరేది. కళ్ళల్లో నీళ్ళు కారుతున్నా ఊపిరి బిగబట్టి నిలబడాల్సి వచ్చేది. కుంపటి చల్లారాక ఆ బూడిదా మాడిన మిరపకాయలూ చేటలో ఎత్తి నా చేతికిచ్చేవారు. సర్కిల్ దాకా పోయి పారేసి, వెనక్కి చూడకుండా రావాలి. అంటే అందం అక్కది, దాని మీద పడిన కళ్ళు ఊరివాళ్ళవి, ఆ చెత్త మోసే పని నాది.

దిష్టి భయంతోనే అక్కను గడప దాటనిచ్చేవారు కాదు. బడి, ఇల్లు, అంతే. మోండా మార్కెట్‌కు నేను, పిండిమరకు నేను, మధ్యాహ్నం బాపుకు సద్దిగిన్నె పట్టుకుపోయేది నేను. నేను ఎండలో నల్లబడేకొద్దీ ఆమె నీడలో తెల్లబడేది. మా ఇంట్లో నాకు ఒకటే కోరిక ఉండేది. కొత్త పరికిణీ కాదు, మిఠాయి కాదు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి నాయనమ్మ నన్ను తూర్పుకు కూర్చోబెట్టి నా తల చుట్టూ ఆ ఉప్పు తిప్పాలి. నా మీద కూడా ఎవరో కన్ను వేశారని, నాలోనూ చూసి ఏడవదగ్గదేదో ఉందని ఇంట్లో ఒప్పుకోవాలి. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "నాయనమ్మా, నాకు తియ్యవా?" నాయనమ్మ నన్ను కిందినుంచి పైదాకా చూసి ఫక్కున నవ్వింది. "నీ మీద ఎవని కన్ను పడ్తదే పోరీ? నిన్ను చూస్తే దిష్టే దడుసుకుంటది." అమ్మ నవ్వింది, బాపు నవ్వాడు. అక్క నవ్విందో లేదో నేను చూడలేదు, ఎందుకంటే అప్పటికే పెరట్లోకి పారిపోయి మొహం నీళ్ళతో కడుక్కుంటున్నాను. లారీకి తీస్తారు. రేకూ టైర్లూ ఉన్న లారీకి తీస్తారు, మనిషి పుట్టుక పుట్టిన నాకు తీయరు.

దిష్టి తగిలిన పిల్లలు అన్నం ముట్టరని, ఆవులిస్తూ మూలన పడుకుంటారని విని ఉన్నాను. రెండు పూటలు కంచం తోసేసి మూలన పడుకుని ఆవులింతలు మొదలుపెట్టాను. ఆకలికి కడుపు కరకరలాడుతున్నా పట్టు విడవలేదు. నాయనమ్మ వచ్చి కనురెప్ప లాగి చూసింది, కడుపు మీద తట్టింది. నేను లోలోపల పొంగిపోతున్నాను. "గిదానికి కడుపుల పురుగులు పడ్డయి" అని తీర్పు చెప్పి, ముక్కు మూసి గిన్నెడు ఆముదం తాగించింది. ఆ రోజంతా నేను పడ్డ పాట్లు ఇక్కడ రాయను. అక్క మాత్రం గుమ్మంలో నిలబడి జడ ముందుకేసుకుని చూస్తూ ఉంది.

ఆ తర్వాత కొద్ది రోజులకే సాయిలు కొత్త లారీ వచ్చింది. సాయిలు కరీంనగర్ రోడ్డు మీద ఏళ్ళ తరబడి తిరిగిన డ్రైవరు, బాపుకు బాగా తెలిసినవాడు. మేము మామ అని పిలిచేవాళ్ళం. ఇన్నాళ్ళూ పరాయివాళ్ళ బండి నడిపి, ఇప్పుడు సొంతంగా కొన్నాడు. ఆ లారీని చూస్తే నాకే కన్ను కుట్టింది. ముదురు ఎరుపు రంగు, తలుపుల మీద తామరపూలు, ముందంతా బంతిపూల దండలు, బాపు స్వయంగా కట్టిన నల్ల కుచ్చులు. సద్దిగిన్నె పట్టుకుని వచ్చిన నేను దాని పక్కన నిలబడ్డాను. నాయనమ్మ కాళ్ళు కడుక్కోవడానికి పోయింది, సాయిలు మామ బండికి పూజ చేసిన పూజారితో మాట్లాడుతున్నాడు. లారీ తలుపు తెరిచే ఉంది. అప్పుడు నా బుర్రలో ఆ ఆలోచన వచ్చింది. లారీకి దిష్టి తీస్తే, లారీలో ఉన్నదానికి కూడా తీసినట్టే కదా? నాయనమ్మ తీయనంటే ఏం, ఆమెకు తెలియకుండానే తీయించుకుంటే సరి. సద్దిగిన్నె గల్లాపెట్టె పక్కన పెట్టేసి, ఎవరూ చూడకుండా పాకి ఎక్కి, డ్రైవరు సీటు వెనక పడుకునే బల్ల మీద గోనెపట్టా కప్పుకుని కూర్చున్నాను.

గోనెపట్టా సందులోంచి ముందు అద్దం కనిపిస్తోంది. అద్దం అవతల కర్పూరం వెలుగు, ఆ వెలుగు వెనక నాయనమ్మ మొహం. గుమ్మడికాయ అటూ ఇటూ తిరుగుతోంది. పోయేటోని కన్ను, వచ్చేటోని కన్ను... అవన్నీ నా మీదనుంచే దిగిపోతున్నట్టు నేను కళ్ళు మూసుకుని తల కాస్త ముందుకు వంచాను. అంత ఆనందం నేను ఆ తర్వాత ఏ సన్మానంలోనూ ఎరగను. కాయ పగిలిన చప్పుడైంది. ఇక దిగిపోదామనుకునేలోపు సాయిలు మామ ఎగిరి సీట్లో కూర్చున్నాడు, బానెట్ మీద నాయనమ్మ చెయ్యి పడింది, నిమ్మకాయలు టైర్ల కింద చిట్లాయి. లారీ సర్కిల్ చుట్టూ తిరిగి కరీంనగర్ రోడ్డు ఎక్కేసింది.

తిరుమలగిరి దాటాక గోనెపట్టా దుమ్ముకు తుమ్మాను. సాయిలు మామ అదిరిపడి వెనక్కి చూడబోయి, చూడకూడదని గుర్తొచ్చి మెడ తిప్పలేదు. "ఎవర్రా అది?" అన్నాడు ముందుకే చూస్తూ.

"నేను మామా, సత్తిని. బండి ఆపు, దిగుత."

"నీ దుంప దెగ! ఎప్పుడెక్కినవే? మీ బాపు పరేషాన్ అయితుండొచ్చు."

"అందుకే ఆపమంటున్న."

"ఎట్ల ఆపాలె బిడ్డా? చెరువు దాటేదాక ఆపొద్దన్నది మీ నాయనమ్మనే గద. కొత్త బండి. అప్పు జేసి కొన్న. ఇప్పుడాపితే నా గతేంగావాలె? వచ్చి ముందట కూసో. చెరువు దాటినంక బస్సెక్కిస్త."

నాయనమ్మ పెట్టిన నియమమే నాయనమ్మ మనుమరాలిని ఎత్తుకుపోయింది. ఏడవాల్సిందే, కానీ ముందు సీట్లో కూర్చోగానే ఏడుపు ఎగిరిపోయింది. అంత ఎత్తునుంచి నేను లోకాన్ని ఎప్పుడూ చూడలేదు. గాలి మొహాన కొడుతోంది, బంతిపూలు రాలి ఒళ్ళో పడుతున్నాయి. రోడ్డు పక్క సైకిళ్ళు తొక్కేవాళ్ళు, బస్టాపుల్లో ఆడవాళ్ళు, కల్లు దుకాణాల ముందు ముసలివాళ్ళు అందరూ తలలెత్తి ఆ లారీని చూస్తున్నారు, లారీతో పాటు నన్ను చూస్తున్నారు. మా అక్కను చూసినట్టు! నేను జడ ముందుకేసుకుని, ఆమె కూర్చున్నట్టే నిటారుగా కూర్చున్నాను. శామీర్‌పేట చెరువు కట్ట దాటాక సాయిలు మామ లారీ ఆపి, నాకు చాయ్, వేడివేడి మిరపకాయ బజ్జీలు ఇప్పించాడు. హోటలు ఆవిడతో, "నా బండిల మొదటి సవారీ ఆడపిల్లది. లచ్చిమే ఎక్కినట్టు" అని చెప్పుకున్నాడు. సికింద్రాబాద్ బస్సు ఎక్కించి కండక్టరుకు నన్ను అప్పగించాడు. దారి పొడుగునా నేను మనసులో ఒకటే తలుచుకున్నాను. తప్పిపోయిన పిల్ల తిరిగొచ్చింది, పైగా దారిలో అందరి కళ్ళూ దాని మీద పడ్డాయి. ఇక ఇంట్లో దిష్టి తీయక ఏం చేస్తారు?

సర్కిల్ దగ్గర జనం మూగి ఉన్నారు. బాపు దుకాణం తెరిచినది తెరిచినట్టే వదిలేసి రోడ్ల వెంట వెతుకుతున్నాడు. నన్ను చూడగానే పరుగెత్తుకొచ్చి గుండెలకు హత్తుకున్నాడు, ఆ వెంటనే చెంప పగలగొట్టాడు. అది నేను ఊహించిందే. ఇంటికి తీసుకుపోయేసరికి గడపలో అక్క కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. ముక్కు ఎర్రగా, కళ్ళు వాచిపోయి ఉన్నాయి. నన్ను చూసి ఇంకా గట్టిగా ఏడ్చింది. నాయనమ్మ నాకేసి ఒక్క చూపు చూసి, "వచ్చినవా తల్లీ, మమ్ముల సంపనీకి" అని, అక్క గడ్డం పట్టుకుని పైకెత్తింది. "బంగారం అసుంటి పిల్ల, చెల్లె కోసం ఏడ్సి ఏడ్సి ఎట్లయిందో సూడుండ్రి. ఇయ్యాల ఎవని కన్నో గట్టిగ తగిలింది గీ పిల్లకు" అంది. ఉప్పు తెచ్చింది. మిరపకాయలు తెచ్చింది. తెచ్చి అక్కకు తీసింది! చెంప మీద బాపు వేళ్ళ వాతలతో నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఘాటు కొట్టింది, దగ్గు ఆపుకున్నాను. చల్లారాక చేట నా చేతికొచ్చింది. బాపు సందు మొగదల నిలబడి మళ్ళీ లారీ ఎక్కకుండా కాపలా కాస్తుంటే, అక్క దిష్టి తీసుకుపోయి సర్కిల్‌లో పారేశాను. ఆ మంట నాకు ఇప్పటికీ ఆరలేదు.

పెద్దయ్యాక కూడా కథ అదే. అక్కకు పద్మారావు నగర్‌లో బ్యాంకు ఉద్యోగి సంబంధం, మేడ, పట్టుచీరలు. నాకు వ్యవసాయ శాఖలో ఊరూరా తిరిగే ఉద్యోగం. ఆ నాలుగు రోడ్ల మీదా బస్సుల్లో, జీపుల్లో, ఒక్కోసారి లారీల్లో తిరిగాను. మేడ్చల్ అవతల, జనగామ అవతల, సిద్దిపేట అవతల ఏ ఊళ్ళో ఏ పంట బాగా పండుతుందో చెప్పగలను. ఇంటికొచ్చి కాళ్ళకు నూనె రాసుకుంటూ, ఎండ ముఖం ఎరగని అక్క పాదాలను తలుచుకుని కుళ్ళుకునేదాన్ని. అప్పటి లారీ డ్రైవర్లు ఊరు దాటేముందు ఆ సర్కిల్ దగ్గర ఒక్క క్షణం ఆగి భయపడేవారు. ఇప్పుడు అక్కడ ఎర్రలైటు పడి అంకెలు వెనక్కి నడుస్తుంటే జనం హారన్లు కొడుతూ ఒకరినొకరు తిట్టుకుంటారు. దుకాణం ఎప్పుడో పోయింది, అక్కడ సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. అప్పుడు ఒకరి కన్ను పడుతుందని దాచుకునేవాళ్ళం. ఇప్పుడు మా మనవరాళ్ళు అన్నం తినేముందు కంచాన్ని కూడా ఫోటో తీసి ఊరందరికీ చూపిస్తున్నారు. దిష్టి మాట ఎత్తితే నవ్వుతారు. నవ్వనీ, వాళ్ళకు కావాల్సినన్ని కళ్ళు దొరుకుతున్నాయి మరి.

మొన్న అక్కడ నిలబడితే పసుపుపచ్చ యంత్రం ఒకటి రాతి అరుగును అంచులనుంచి కొరుకుతోంది. సగం అరుగు అప్పటికే లేదు. అక్క కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కన్నార్పకుండా చూస్తోంది. "గిదేనా కరీంనగర్ రోడ్డు?" అని అడిగింది. ఆశ్చర్యపోయాను. సందు చివర పుట్టి పెరిగిన మనిషికి ఏ రోడ్డు ఎటు పోతుందో తెలియదు. అదేనని చూపించాను. అటే చూస్తూ అంది:

"ఆ దినం నేనెందుకు ఏడ్సిన్నో నీకెరికేనా సత్తీ?"

"ఎరికనే. నేను తప్పిపోయిన్నని."

"ఉత్తదే. సాయిలు మామ ఎవరితోనో ఫోన్ చేపిచ్చిండు, చెరువు దాటినంక బస్సెక్కిస్తున్న అని. నువ్వు రాకముందుకే, బాపు నిన్ను ఎతుకబోయినంక, పక్క దుకాణపాయన ఇంటికొచ్చి నాకు కబురు చెప్పిపోయిండు. నువ్వు పయిలంగ ఉన్నవని అందరికంటె ముందు ఎరికైంది నాకే. గప్పుడు షురూ అయింది నా ఏడుపు. గా లారీల నువ్వు గూసున్నవ్, నేను గడపల గూసున్న. గంత దూరం నువ్వు పోయినవ్, నేను గీ సర్కిల్ సుత దాటలె. కుళ్ళుతోని ఏడ్సిన్నే. నాయనమ్మ నా తల సుట్టు ఉప్పు తిప్పుతుంటె చెప్దామనుకున్న, నోరు రాలె. నువ్వు నౌకరీల తిరుగుతున్న దినాలల్ల సుత గంతే. ఇయ్యాల సిద్దిపేట పోయినవంట, రేపు ఇంకెటో పోతున్నవంట అని వింటుంటె అన్నం సయించకపోయేది. నీ మీద పడ్డ కన్ను నాదేనే. ఆ దినం తియ్యాల్సింది నీకు."

ఇంత దుమ్ములో, ఇంత హారన్ల మోతలో, ఆమె మొహం మా నాయనమ్మ ముందు కూర్చున్నప్పటి పిల్ల మొహంలా ఎర్రబడింది. దేశంలో ఉన్న లారీలన్నిటికీ ఎవరి కన్ను తగిలిందో చెప్పగలిగిన మా నాయనమ్మ, తన గడపలో కూర్చున్న కన్నును పట్టుకోలేక దానికే దిష్టి తీసింది. అక్కను ఓదార్చాలని నాకు తెలుసు. భుజం మీద చెయ్యి కూడా వేశాను. కానీ యంత్రం చప్పుడుకు చివరి మాటలు సరిగా వినపడలేదు.

"ఇంకోపారి చెప్పక్కా" అన్నాను. "జెర గట్టిగ చెప్పు."